ఆ మూలకి పైపు దండగ

విశాలాక్షికి యాభై నాలుగేళ్ళు. రోజూ పొద్దున్నే కాఫీ కన్నా ముందు బేస్‌మెంట్‌లోకి దిగి, చివరి గది మూలన నేల మీద అరచెయ్యి ఆనించి చూసి వస్తుంది.

జ్వరం వచ్చిన పిల్ల నుదుటి మీద వేసినట్టు వేస్తుంది చెయ్యి. నేల వెచ్చగా ఉంటుంది. ఆవిడ మెట్లెక్కి వచ్చి పాలు పొయ్యి మీద పెడుతుంది.

కెనడాలోని రెజైనాలో జనవరి అంటే బయట మైనస్ ముప్పై ఎనిమిది. బేస్‌మెంట్ నేలంతా చెప్పుల్లేకుండా అడుగు పెడితే అరికాలు కొరికేసేంత చల్లన. ఆ ఒక్క మూల మాత్రం వెచ్చన. మూడున్నర అడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని ఒక పక్కకి తిరిగి పడుకున్న ఆడపిల్లకి ఎంత చోటు కావాలో అంత. శుక్రవారం రుబ్బిన దోసెల పిండి గిన్నె విశాలాక్షి అక్కడే పెడుతుంది. ఈ దేశంలో చలికాలం పిండి పులవడం ఎంత కష్టమో ఆడవాళ్ళనడగాలి. అక్కడ పెడితే తెల్లారేసరికి పొంగి మూత లేపేస్తుంది. అద్దెకుండే నలుగురు ఆడపిల్లలూ తడి మేజోళ్ళు అక్కడే ఆరబెట్టుకుంటారు. పరీక్షల రోజుల్లో వంతులేసుకుని అక్కడ కూర్చుని చదువుతారు. ఇన్సూరెన్స్ వాళ్ళ మనిషి ఇల్లు చూడ్డానికొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని తడిమి, 'ఒకచోట వెచ్చగా ఉంది' అని కాగితం మీద రాసుకుని, ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోయాడు.

అది కావ్యశ్రీ పడుకున్న చోటు.

కావ్యశ్రీది జగిత్యాల. తల్లి బీడీలు చుట్టే మనిషి. రెండువేల ఇరవై రెండు సెప్టెంబర్లో చదువుకని రెజైనా వచ్చింది. అప్పుడు ఊరు ఊరంతా స్టూడెంట్లే. కాలేజీలకి అడ్మిషన్లు ఇవ్వడం వచ్చు గానీ, ఆ పిల్లలు ఎక్కడ పడుకుంటారో కనుక్కోవడం రాదు. ఆ సంగతి అమరేశ్వరరావు లాంటి వాళ్ళు చూసుకున్నారు. విశాలాక్షి భర్త అమరేశ్వరరావు ప్రభుత్వంలో కంప్యూటర్ ఉద్యోగి, తెలుగు సంఘంలో పెద్దమనిషి. బేస్‌మెంట్‌లో ఉన్న పెద్ద హాలుని అట్టగోడలతో నాలుగు గదులు చేసి, పక్కనున్న మంచి గదిని మాత్రం తన హోమ్ థియేటర్‌కి ఉంచుకున్నాడు. వేడిగాలి వచ్చే గొట్టాల నోళ్ళు రెండూ ఆ థియేటర్ గదిలోకే పోయాయి. అనుకోకుండా అలా జరిగిందన్నాడు. ఆయనింట్లో అనుకోకుండా జరిగేవన్నీ ఆయనకి అనుకూలంగానే జరుగుతాయి.

కింది గదులకి వేడి ఎంత పెట్టాలో చెప్పే థర్మోస్టాట్ పైన వంటింటి పక్కన ఉంటుంది. దాన్ని పదిహేడు మీద పెట్టి, పైన ఒక ప్లాస్టిక్ డబ్బా బిగించి తాళం వేశాడు. ఆయన తాళంచెవులు ఎక్కడ పెట్టాడో మర్చిపోయే మనిషి కనుక ఆ చెవి భార్యకిచ్చాడు. ఆవిడ దాన్ని మంగళసూత్రానికి వేలాడే పిన్నీసుకి గుచ్చుకుంది.

జనవరి పన్నెండున సాయంత్రం ఆరింటికి కావ్యశ్రీ పైకొచ్చి తలుపు కొట్టింది. ఒంటి మీద కోటు, దాని మీద దుప్పటి.

"ఆంటీ, జర హీట్ పెంచుతరా? దగ్గు తగ్గుతలేదు."

"అంకుల్‌ని అడిగి చెప్తానమ్మా," అంది విశాలాక్షి.

అంకుల్ పది అడుగుల దూరంలో సోఫాలో ఉన్నాడు. తాళంచెవి మెడలో ఉంది. విశాలాక్షి అడగలేదు. కొడతాడని కాదు, తిడతాడనీ కాదు. ఆయన చెయ్యెత్తే మనిషి కాదు. ఏదైనా అడిగితే ఒక నిట్టూర్పు విడుస్తాడు. టీవీ ఆపి, కళ్ళజోడు తీసి, ఇంత తెలివితక్కువ మనిషితో ముప్పై ఏళ్ళు నెట్టుకొచ్చానే అన్నట్టు పొడుగ్గా విడుస్తాడు. ఆ నిట్టూర్పు వినే ఓపిక లేక ఆ సాయంత్రం ఊరుకుంది. మర్నాడు చూద్దాంలే అనుకుంది. మర్నాడూ అలాగే అనుకుంది.

షిఫ్టు పోతే మళ్ళీ ఇవ్వరని ఆ పిల్ల దగ్గుతూనే కాఫీ కొట్టుకి పనికెళ్ళింది. ఆస్పత్రికి వెళ్ళేసరికి ఊపిరితిత్తులు రెండూ నిండిపోయాయి. జనవరి ముప్పై ఒకటిన పోయింది. తెలుగు సంఘం సంతాప సభలో అమరేశ్వరరావు మైకు పట్టుకుని "మా ఇంట్లో కూతుర్లా ఉండేది" అన్నాడు. పరుపు తీసి బయట పడేద్దామని దిగిన విశాలాక్షికి కింద నేల వెచ్చగా తగిలింది. ఆ రోజు మొదలు.

నెలకోసారి, మొదటి ఆదివారం, జగిత్యాల నుంచి కావ్యశ్రీ తల్లి వీడియో ఫోన్ చేస్తుంది. "ఎట్లున్నది అక్కా మా బిడ్డ జాగ?" అంటుంది. విశాలాక్షి ఫోన్ కిందికి పట్టుకెళ్ళి ఆ సిమెంటు నేలని చూపిస్తుంది. ఆ తల్లి బీడీలు చుట్టుకుంటూ ఐదు నిమిషాలు చూస్తుంది. "వెచ్చగనే ఉన్నదా?" "వెచ్చగానే ఉందమ్మా." "సరే అక్కా, ఉంట మరి."

నేల వెచ్చగా ఉందంటే ఆ పిల్లకి తన మీద కోపం లేనట్టేనని విశాలాక్షి నమ్మకం. ఎవరికీ చెప్పని ఆ జనవరి పన్నెండుకి ఆవిడకి దొరికిన మన్నింపు అంతా ఆ మూడున్నర అడుగుల్లోనే ఉంది. అందుకే రోజూ చెయ్యి వేసి చూసుకుంటుంది.

కావ్యశ్రీ పోయిన ఏడాదికి అమరేశ్వరరావు బేస్‌మెంట్ నేల కింద వేడినీళ్ళ పైపులు వేయిద్దామన్నాడు. నలుగురున్న చోట ఎనిమిది మందిని పెట్టచ్చు, కాళ్ళ కింద వేడి అంటే పోటీ పడి వస్తారు అని ఆయన ఆలోచన. పైపులు వేసే మనిషి కోసం ఫోన్ చేస్తే లీలా వచ్చింది.

లీలాకి నలభై ఆరేళ్ళు. ఫిజీలో పుట్టి, కెనడా పడమటి కొసన సర్రేలో పెరిగి, ఇల్లు కొనుక్కునే స్తోమత అక్కడ లేక రెజైనా చేరిన ప్లంబర్. ఆవిడ ముత్తవ్వ విశాఖపట్నం జిల్లా నుంచి చెరుకు తోటల్లోకి ఓడలో వెళ్ళింది. లీలా మాటాడేది ఆ ముత్తవ్వ తెలుగే. అందులో 'మీరు' లేదు, అక్కని 'అప్పా' అంటుంది.

వచ్చీ రావడంతోనే బూట్లూ మేజోళ్ళూ విప్పేసి ఒట్టికాళ్ళతో బేస్‌మెంట్ అంతా తిరిగింది. మూలకొచ్చి ఆగింది.

"ఏటప్పా, ఇక్కడ ఎవులు తొంగున్నారు?"

"కావ్యశ్రీ అని… మా దగ్గర అద్దెకుండేది. పోయింది."

లీలా తలూపి, గళ్ళ కాగితం మీద ఆ ముడుచుకున్న ఆకారాన్ని చుక్కలతో గీసుకుంది.

పైన భోజనాల బల్ల దగ్గర అమరేశ్వరరావు ముందే అన్నీ తేల్చేసి కూర్చున్నాడు.

"ముప్పావు అంగుళం పైపు వెయ్యి, నేలంతా ఒకే చుట్టుగా. ఒకటే లూప్. లావు పైపులో నీళ్ళెక్కువ పడతాయి, వేడీ ఎక్కువొస్తుంది. యూట్యూబ్‌లో చూశా."

"యూట్యూబ్‌లో నేలమీద నువ్వు నిలబడనేదు గదయ్యా," అంది లీలా. 'నువ్వు' అనేసరికి ఆయన మొహం చిట్లింది. ఆవిడ చూసుకోలేదు. "లావు పైపు వొంగదు. మలుపుకీ మలుపుకీ మద్దెన అడుగున్నర ఒగ్గీమంటాది. నేల పులిచారల్నాగుంటాది, ఒక చార ఎచ్చన, ఒక చార సల్లన. దాన్ని కప్పాలంటే సిమెంటు మందంగా పొయ్యాల. అప్పుడు పొడుగు పిల్లల బుర్రలు పైన రేకు గొట్టాలకి కొట్టుకుంటాయి."

"అయితే సన్నది వెయ్యి."

"మరీ సన్నదైతే నీళ్ళు నెట్టనేక పంపు సస్తాది. అరంగుళం సరిపోతాది. కానీ ఒక్కటే లూపు కాదు, నాలుగు. ఒక్కోటీ మూడొందల అడుగులు దాటకూడదు. దాటితే నీరు దారిలోనే సల్లారిపోతాది."

"నాలుగంటే నాలుగు కుళాయిలు, నాలుగు తలనొప్పులు. ఒకటే లూప్. థియేటర్ గది దగ్గర మొదలవ్వాలి." ఆయన కాగితం తన వైపు లాక్కుని ఆ చుక్కల ఆకారం మీద పెన్ను పెట్టాడు. "ఇక్కడ ఎలాగూ వెచ్చగానే ఉంది. ఆ మూలకి పైపు దండగ."

మర్నాడు ఆయన తమ్ముడి గృహప్రవేశానికి ఏజాక్స్ అనే ఊరు వెళ్ళాడు. "వచ్చేసరికి అయిపోవాలి, నేను చెప్పినట్టు," అని భార్యతో చెప్పి విమానమెక్కాడు. వారం.

లీలా పైపు చుట్టలు దింపి విశాలాక్షిని వంటింట్లోకి పిలిచింది. పెద్ద చుట్ట ఒక కొసని వేడినీళ్ళ కుళాయికి తగిలించి తిప్పింది. "రెండు కొసలూ పట్టుకో అప్పా." చాలాసేపటికి రెండో కొసన నీళ్ళొచ్చాయి. ఈ చేతిలో చురుక్కుమంటోంది. ఆ చేతిలో చద్దన్నంలా ఉంది.

"ఇవే నీళ్ళా?"

"ఇయ్యే. మొదలున్నోడికి ఏడి, చివరున్నోడికి మిగిలింది."

విశాలాక్షి ఆ చల్లటి కొసని చాలాసేపు వదల్లేదు. "మా అత్తగారిల్లు తెనాలి," అంది. "రోజూ మూడు బంతులు. మొదటి బంతి మగవాళ్ళు, పొగలు కక్కే అన్నం, పేరిన నెయ్యి. రెండో బంతి పిల్లలు. మూడో బంతికి పులుసులో ముక్కలుండేవి కాదు. నేను చిన్నకోడల్ని. నా విస్తట్లోకొచ్చేసరికి ఇదిగో ఇలాగే ఉండేది."

"అయితే ఈ పని నీకు ముందే తెలుసప్పా!" అని లీలా పగలబడి నవ్వింది. "నాలుగు లూపులంటే అంతే మరి. నాలుగు బంతులు కాదు, నలుగురికీ ఒక్కసారే వడ్డన."

"నాలుగు లూపులే వెయ్యి," అంది విశాలాక్షి. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఒకసారి చుట్టూ చూసుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "కానీ ఆ మూల మాత్రం ఆయన చెప్పినట్టే వదిలెయ్. దాన్ని కదపద్దు," అంది.

బేస్‌మెంట్ మెట్ల మీద లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పిల్ల తలెత్తింది. స్పందన. ఇరవై మూడేళ్ళు, నెల్లూరు. ఇప్పుడు ఆ చివరి గది ఆ పిల్లదే.

"ఎందుకు వదిలెయ్యాలి ఆంటీ?"

"కావ్యశ్రీ చోటే అది. పైన ఏదో కప్పేసి, పైపులేసి… పోతే?"

"పోనివ్వండి."

"అదేంటే!"

"నాకు కాఫీ షాపులో క్లోజింగ్ షిఫ్ట్ పడితేనే ఏడుపొస్తుంది. ఆమెకి ఆఫ్ లేదు, బ్రేక్ లేదు. ఏడాది నుంచి మన పిండి పులియబెడుతోంది, మన సాక్సులు ఆరబెడుతోంది, నన్ను వెచ్చగా పడుకోబెడుతోంది. ఇప్పుడు అంకుల్‌కి పైపు ఖర్చు కూడా మిగల్చాలా? చచ్చిపోయాక కూడా డ్యూటీనా ఆంటీ?"

"నేను రోజూ వచ్చి చెయ్యి వేసి చూస్తున్నాను కదే ఆ పిల్లని."

"బతికున్నప్పుడు వేశారా?"

లీలా కుళాయి కట్టేసింది. స్పందన మాట తూలిందని బాధపడి "సారీ ఆంటీ" అనబోయింది గానీ, విశాలాక్షి అప్పటికే మెట్లు దిగుతోంది. మూలన కూర్చుని నేల మీద చెయ్యి పెట్టింది. వెచ్చగానే ఉంది. వెచ్చగా ఉంటే కోపం లేనట్టు అని ఇన్నాళ్ళూ అనుకుంది. అది పని వేళ అయిపోయినా ఎవరూ ఇంటికి పొమ్మనని మనిషి ఒంటి వేడి కూడా కావచ్చు.

పైకి వచ్చి, "మొదటి పైపు ఆ మూలకే వెయ్యి లీలా," అంది. "థియేటర్ గది సంగతి మిగిలితే చూద్దాం."

మిగల్లేదు.

పైపుల కింద వేడి భూమిలోకి పోకుండా నురుగు అట్టలు పరుస్తారు. మూల దగ్గరకొచ్చాక లీలా కత్తి ఆపింది. "మొకం మీద అట్టేసి మూసినట్టుంటాది," అని ఆ ఆకారం మేరకు అట్టని కోసి తీసేసింది. పాత సిమెంటు మీదే, ముడుచుకున్న మోకాళ్ళ వంపునీ వీపు వంపునీ అనుసరిస్తూ అరంగుళం పైపు వేసి బిగించింది. దాని మీదుగా సిమెంటు పోసినప్పుడు పిల్లలు నలుగురూ రెండు రోజులు పైన హాల్లో పడుకున్నారు. మొదటి రోజు పొద్దున్న స్పందన ఒంటి మీద దుప్పటి తన్నేసి లేచి, "మీకు పైన ఇంత వెచ్చగా ఉంటుందా ఆంటీ?" అంది. నిజంగానే తెలియక అడిగింది. విశాలాక్షి పూరీలు వత్తుతూ పీట మీద నుంచి తల ఎత్తలేదు.

సిమెంటు గట్టిపడింది. నీళ్ళు కాచే బాయిలర్ రావాల్సిన రోజు మంచు తుఫాను వచ్చి హైవే మూసేశారు. బాయిలర్ ఉన్న లారీ దారిలో ఎక్కడో ఆగిపోయింది. ఖాళీగా కూర్చోడమెందుకని లీలా నాలుగు లూపుల్లోనూ చన్నీళ్ళు నింపి, గాలి బుడగలు పోవడానికి పంపు తిప్పింది. కాసేపటికి తిరిగొచ్చే నాలుగు పైపుల మీదా చెయ్యి వేసింది. గోడకి బిగించిన, నీళ్ళ వేడి చూపే ముల్లు చూసింది. ముప్పై నాలుగు డిగ్రీలు.

"అప్పా, పిల్ల పని మొదలెట్టీసింది," అంది.

విశాలాక్షి వచ్చి చూసింది. మూల మీదుగా వెళ్ళిన నీళ్ళు అక్కడి వెచ్చదనం ఎత్తుకుని తిరిగొచ్చి, మిగతా మూడు లూపుల నీళ్ళతో కలిసి, నాలుగు గదులకీ వెళ్తున్నాయి. విశ్రాంతి ఇద్దామనుకుంటే, ఆ పిల్ల వెళ్ళేముందు ఇల్లంతా ఒక చుట్టు చుట్టి వస్తోంది. పంపు కట్టెయ్యమందామని విశాలాక్షి నోరు తెరిచింది. లీలా తల అడ్డంగా ఊపింది. "ఎల్తానన్నోళ్ళ చెయ్యి పట్టి ఆపకూడదు."

మూడు రోజులు బాయిలర్ లేకుండా ఆ నేల వెచ్చగా ఉంది. పిల్లలు ఒట్టికాళ్ళతో తిరిగారు. కోట్లు మేకులకి తగిలించారు. ఒకతి నేల మీదే బోర్లా పడుకుని అసైన్‌మెంట్ రాసుకుంది. ముల్లు ముప్పై నాలుగు నుంచి ముప్పైకి, ముప్పై నుంచి ఇరవై నాలుగుకి దిగింది. నాలుగో రోజు ఆదివారం. పొద్దున్న విశాలాక్షి మూలన అరచెయ్యి ఆనించింది. కాసేపు ఉంచింది. రెండో చెయ్యి కూడా పెట్టింది. చెంప ఆనించింది.

ఎక్కడా తేడా లేదు. నేలంతా నేలలాగే ఉంది.

అక్కడే కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. నెలలో మొదటి ఆదివారం.

"ఎట్లున్నది అక్కా మా బిడ్డ జాగ?"

వెచ్చగానే ఉందని చెప్పచ్చు. సాయంత్రానికి బాయిలర్ వచ్చేస్తుంది, నేలంతా వెచ్చబడుతుంది. ఇక ఏ జన్మకీ ఎవరికీ తెలియదు. అబద్ధం కూడా కాదు.

"చల్లారిందమ్మా," అంది విశాలాక్షి. "ఇవాళ పొద్దున. పిల్లలందరికీ వెచ్చగా చేసి వెళ్ళింది."

అవతల బీడీ ఆకు మీద కత్తెర చప్పుడు ఆగింది.

"పొయ్యిందా," అంది తల్లి. కత్తెర కింద పెట్టి, "మంచిగైంది. శాన కష్టపడ్డది," అంది.

"అమ్మా, నీకొకటి చెప్పాలి. వేడి డబ్బాకి తాళం ఉండేది. చెవి నా దగ్గరే ఉంది. నీ కూతురు పైకొచ్చి నన్నడిగింది…"

"నాకెరికే అక్కా."

విశాలాక్షి చెయ్యి మెడలోని పిన్నీసు మీదికి పోయింది.

"ఆ దినం మెట్లు దిగుకుంట నాకు ఫోన్ చేసింది. ఆంటీ అంకుల్‌ని అడిగి చెప్తనన్నదమ్మా, పెంచుతరట అని సంబురపడ్డది. ఏడాది సంది నిన్ను అడుగుదామనే ఫోన్ చేస్తున్న. నువ్వు జాగ చూపెడితివి, నోరు రాకపోయె." తల్లి గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలన్న ఆరాటమే ఉంది. "ఏమన్నడు మరి సారు?"

ఆయన వద్దన్నాడని చెప్తే సరిపోతుంది. ఆ తల్లి నమ్ముతుంది. ఆయన్ని ఎరిగిన వాళ్ళెవరైనా నమ్ముతారు.

"అడగలేదమ్మా," అంది విశాలాక్షి. "నేను ఆయన్ని అడగనే లేదు."

అవతల ఎవరో పిలిస్తే ఆ తల్లి "వస్తున్న" అంది. ఫోన్ పెట్టేసింది. తర్వాతి నెల మొదటి ఆదివారం ఫోన్ రాలేదు. ఆ పై నెలా రాలేదు.

ఆ ఫోన్ వచ్చిన రోజు సాయంత్రమే బాయిలర్ వచ్చింది. లీలా దాన్ని బిగించి, నాలుగు లూపులకీ సమానంగా నీళ్ళు వదిలి, చేతులు కడుక్కుని వెళ్ళింది. రాత్రికి నేలంతా వెచ్చబడింది. మంచి పనితనం. అందులో కావ్యశ్రీ లేదు.

మర్నాడు అమరేశ్వరరావు ఏజాక్స్ నుంచి లడ్డూల డబ్బాతో దిగాడు. తిన్నగా థియేటర్ గదిలోకెళ్ళి, మేజోళ్ళ కాళ్ళతో అటూ ఇటూ నడిచి, బయటికొచ్చాడు.

"ఇక్కడ నేల చల్లగా ఉందేంటి?"

"అక్కడ పైపు వెయ్యలేదు," అంది విశాలాక్షి.

"ఆ ప్లంబరుదానికి నేను చెప్పినట్టు నువ్వు చెప్పలేదా?"

"లేదు. ఎలా వెయ్యాలో నేనే చెప్పాను."

ఆయన కళ్ళజోడు తీశాడు. ఆవిడ మాత్రం ఉల్లిపాయలు తరుగుతూ ఉండిపోయింది. ఎనిమిది మందిని పెట్టే సంగతి ఆ రాత్రి ఆయన ఎత్తాడు. వారం తర్వాత కొత్త అద్దె ప్రకటన కూడా రాసుకున్నాడు.

ఏప్రిల్ రెండో వారంలో విశాలాక్షి బస్సెక్కి అద్దె ఇళ్ళ ఫిర్యాదులు తీసుకునే ఆఫీసుకి వెళ్ళింది. జనవరి పన్నెండు సాయంత్రం ఏం జరిగిందో నాలుగు పేజీలు రాసి, ఎవరి మీద ఫిర్యాదు అన్నచోట రెండు పేర్లు రాసి సంతకం పెట్టింది. ఒకటి భర్తది, ఒకటి తనది.